మా డ్రిల్లు సారు ఎడమ చెప్పు

మా డ్రిల్లు సారు పోయారన్న కబురు నాకు ధర్మవరం బస్టాండులో తెలిసింది. అప్పుడు నేను బస్సు వెనక మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు మడమలూ కిందికి వేలాడదీసి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. బస్సు ఆగిన చోటల్లా అలా నిలబడమని నేర్పింది ఆయనే. ఫోను మోగింది. పెనుకొండ నుంచి అమ్మ. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. "మీ సారు పోయినాడమ్మా, తెల్లవారుజామున" అని మాత్రం అని పెట్టేసింది. నేను వెంటనే మెట్టు దిగలేదు. ఇరవై దాకా లెక్కపెట్టాకే దిగాను. సగంలో వదిలేస్తే ఆయనకు కోపం.

నేను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరిగే బస్సులో కండక్టరుని. టిక్కెట్లు కొట్టడమే గానీ రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే దానికి కారణం ఆయన మంచితనం ఒక్కటే కాదు, నా భయం కూడా. మనుషుల కాళ్లను చూసి సంగతి పట్టుకోవడం ఆయన నాకు నేర్పారు. ఆయన కాలికి వచ్చిన ముప్పును మాత్రం నేను పట్టుకోలేకపోయాను. దాని గుర్తు నా చేతిలోకే వచ్చింది. ఒక ఎడమ చెప్పు. దాన్ని చూసి నేను నవ్వాను.

పెనుకొండలో మేము చదువుకున్న బడికి ఆటస్థలం అంటే కంకర నేల. ఆయన కొత్తగా వచ్చిన వారంలోనే మా తరగతి ఆడపిల్లలందరినీ కుళాయి దగ్గర వరసగా నిలబెట్టి, కాళ్లు తడుపుకుని ఆఫీసు గది ముందున్న నాపబండల మీద నడవమన్నారు. డ్రిల్లు సారు అంటే పరుగెత్తమంటాడు, గుంజీలు తీయమంటాడు. ఇదేం విడ్డూరమో మాకు అర్థం కాలేదు. ఆయన సుద్దముక్క పట్టుకుని, గొంతుక్కూర్చుని, ఒక్కొక్కరి తడి అడుగునూ పరీక్షగా చూశారు. కొందరి అడుగుకు నడుమ సన్నగా ఉంది. కొందరికి మడమ, వేళ్లు తప్ప మధ్యలో ఏమీ పడలేదు. నాదానికి నడుమే లేదు. మడమ నుంచి వేళ్ల దాకా ఒకటే తడి.

"జొన్నరొట్టె తట్టినట్టుండాది సారూ" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"యాలమ్మా నవ్వేది? ఈ పాప భూమిని గట్టిగా పట్టుకోనుండాది. ఏం రొట్టెకాలూ, పరిగెత్తుతావా?" అన్నారు ఆయన.

ఆ రోజు నుంచి ఆయనకు నేను రొట్టెకాలునే. నాకు పెళ్లయినా, ఉద్యోగం వచ్చినా ఆ పేరు మారలేదు. రెండేళ్లు పరుగు పందేల్లో ఉన్నాను. గెలిచింది ఒక్కసారీ లేదు. కానీ ప్రతి పందేనికీ ముందు ఆయన పాత సైకిలు ట్యూబు ముక్కల్ని మడిచి, నా కాన్వాసు బూట్ల లోపల పాదం గుంత వచ్చే చోట అతికించేవారు. "నీ పాదానికి గుంత లేదు. మనమే ఒక దిండు పెడదాం" అనేవారు. అలాంటివి ఇప్పుడు పెద్ద అంగళ్లలో అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతున్నారు. వాటిని చూసినప్పుడల్లా నాకు సైకిలు ట్యూబు వాసనే వస్తుంది.

ఎదురుపడితే ఆయన మొహం చూసేవారు కాదు, ముందు కాళ్లు చూసేవారు. రిటైరయ్యాక కూడా ఈలను బూటు లేసుతో మెడకు కట్టుకునే తిరిగేవారు. పెనుకొండ బజారులో వెనక నుంచి నడక చూసే పాత పిల్లల్ని గుర్తుపట్టి ఈల ఊదేవారు. పెద్దపెద్ద ఉద్యోగస్థులు కూడా ఆ ఈలకు ఉలిక్కిపడి నిలబడడం నేను కళ్లారా చూశాను. "మనిషి నోరు అబద్ధమాడుతాది గానీ నడక ఆడదు" అనేది ఆయన మాట.

రెండేళ్ల కిందట నాకు ఎడమ మడమలో నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే కాస్త తగ్గేది. తగ్గింది కదా అని డ్యూటీకి పోతే, ఎక్కడైనా కాసేపు కూర్చుని లేచేసరికి మళ్లీ మొదటికొచ్చేది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాకముందు నుంచే మా బస్సులో కండక్టరు సీటు కూడా నాకు దక్కేది కాదు. ధర్మవరంలో చీరల మూటలు, హిందూపురంలో పట్టుగూళ్ల సంచులు, వాటి మధ్య మనుషులు. పొద్దస్తమానం నిలబడే పని. నిలబడలేని కండక్టరు ఎవరికి కావాలి? డిపోలో చెబితే ఏం రాస్తారో, ఎక్కడ కూర్చోబెడతారో అని నోరు మూసుకున్నాను. అసలే నాది గాభరా మనిషి పుట్టుక. పొద్దున కళ్లు తెరిచి, కాలు కింద పెట్టకుండా చాలాసేపు అలాగే పడుకునేదాన్ని.

హిందూపురంలో ఎక్స్‌రే తీయించుకుంటే మడమ కింద ఎముక ముల్లులాగా పెరిగి కనిపించింది. అది చూశాక ఇంకేముంది, ఆపరేషనే అనుకున్నాను. ఇంట్లో మా అత్త ఇటుకరాయి కాల్చి, దాని మీద జిల్లేడు ఆకులు పరిచి, మడమ ఆనించమంది. మా పక్క ఏ ఇంట్లో మడమ నొప్పి వచ్చినా మొదటి వైద్యం అదే. ఆ వెచ్చదనానికి ఆ పూట హాయిగా ఉండేది. తెల్లారితే మళ్లీ మేకే.

ఆ రోజుల్లో ఒకనాడు సారు పెనుకొండలో బస్సెక్కారు. ఆయన కూతురిది ధర్మవరం, మగ్గాల ఇల్లు. వారానికొకసారి అక్కడికి పోయొచ్చేవారు. ఎక్కి ఇంకా రాడ్డు పట్టుకోలేదు, నా కాళ్లు చూశారు.

"ఏం రొట్టెకాలూ, వేళ్ల మీద నడుస్తాండావే. మడమ యాడ దాచిపెట్టినావు?"

నేను దాచుకున్న భయమంతా ఒక్కసారి బయటపడింది. బస్సు నిండా జనం ఉన్నారని కూడా చూడకుండా కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ధర్మవరంలో దిగాక ఆయన నా నీళ్ల సీసా తీసుకుని, నా కాళ్ల మీద వంచి, బస్టాండు సిమెంటు మీద నడవమన్నారు. నలభై దాటిన దాన్ని, ఖాకీ చొక్కా వేసుకుని, పదిమందిలో తడికాళ్లతో నడిచాను. ఆయన మునుపటిలాగే గొంతుక్కూర్చున్నారు. అదే రొట్టె, కాస్త పెద్దదైంది, అంతే.

"ఆ ఎముక ముల్లు చూసి బెదరొద్దు. అది ఉండేవాళ్లలో శానామందికి నొప్పే ఉండదు. మడమ నుంచి వేళ్ల దాకా కింద ఒక పట్టీ ఉండాదమ్మా. రాత్రంతా ముడుచుకోనుంటాది. నువ్వు పొద్దన్నే ఒక్కసారిగా బరువేస్తే పీక్కపోతాది. నీ చెప్పులు చూడు, అప్పడాలు. ఇంట్లో బండల మీద వట్టికాళ్లు. పొద్దుగూకులూ నిలబడే పని. బరువు కూడా పెరిగినావు. పిక్కలు రాళ్లు. ఆ పట్టీ మాత్రం ఏం చేస్తాదమ్మా?"

"ఆపరేషన్ చేస్తారా సారూ?"

"ఏమిటికి? మూడు నెలలు ఓపిక పట్టు. పొద్దన్నే కాలికి చెప్పకుండా మంచం దిగొద్దు."

కాలికి చెప్పడం అంటే ఏమిటో కూడా ఆయనే చూపించారు. మంచం మీదే కూర్చుని, తువ్వాలు పాదం ముందు భాగానికి తగిలించి, మోకాలు వంచకుండా మెల్లగా మన వైపు లాక్కోవాలి. వేళ్లను చేత్తో వెనక్కి వంచి పట్టుకోవాలి. ఆ తర్వాతే దిగాలి, దిగగానే చెప్పుల్లోకే. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్క సాగదీయాలి. డ్యూటీ దిగాక నీళ్లు గడ్డకట్టిన సీసాను బట్టలో చుట్టి, పాదం కింద వేసి దొర్లించాలి. మడమ మెత్తగా, గుంత దగ్గర ఎత్తుగా ఉండే చెప్పులు కొనుక్కోవాలి. మూడు నెలలకూ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోకూడదు. హిందూపురంలో ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించుకుంటే ఆయనా ఇంచుమించు ఇదే చెప్పాడు. నాకు డాక్టరు చెప్పిన దానికంటే ముందు చెప్పిన సారు మీదే నమ్మకం.

"మా అత్త ఇటుకరాయి పెడతాంది సారూ. పెట్టచ్చునా?" అని కూడా అడిగాను. ఈ మాట నేను మరిచిపోలేను.

"పెట్టుకో. వెచ్చగా బాగనే ఉంటాది. ఓర్చుకునేంత వేడి చాలు. కాలితే నీకే తెలుస్తాది కదా, తీసేస్తావు" అన్నారు.

మూడు నెలలు పట్టలేదు గానీ, రెండు నెలలు ఏమీ తగ్గలేదు. రోజూ పొద్దున తువ్వాలు లాగుతూ, ఇది తగ్గదు, నా ఉద్యోగం పోతుంది అని ఏడ్చేదాన్ని. ఆయన బస్సెక్కినప్పుడల్లా "ఇయాల మొదటి అడుగు ఎట్ల పడె?" అని అడిగేవారు. "మేకే సారూ" అనేదాన్ని. తర్వాత ఒక రోజు "గుండుసూది సారూ" అన్నాను. తర్వాత ఒక రోజు, అడిగితే తప్ప గుర్తు రాలేదు. "నొప్పి పోయిందంటే కాలు బాగయినట్టే పో" అని ఈల ఊదారు. డ్రైవరన్న ఆ ఈల నాదనుకుని బస్సు పోనిచ్చాడు. ఎక్కేవాళ్లు ఇంకా కిందే ఉన్నారు. నానా తిట్లూ నేను తిన్నాను.

ఇక ఆ చెప్పు. పోయిన ఎండాకాలం. సారు ధర్మవరం నుంచి తిరిగొస్తూ పెనుకొండలో దిగిపోయారు. హిందూపురంలో బస్సు ఖాళీ అయ్యాక సీటు కింద ఎడమ చెప్పొకటి కనిపించింది. లోపల పాదం గుంత దగ్గర సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంది. ఎవరిదో అడగాల్సిన పని లేదు. "సారుకు వయసు మీద పడిందబ్బా, ఒక చెప్పుతోనే ఇంటికి పోయినాడు" అని డ్రైవరన్న నవ్వాడు. నేనూ నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను.

మర్నాడు పెనుకొండలో దిగి, చెప్పు ఆయన చేతిలో పెట్టాను.

"ఊరి కాళ్లన్నీ చూసే సారు సొంత చెప్పు మరిచిపోతిరే!"

"ఊడింది తెలీలేదమ్మా. ఇంటికాడ మీ అమ్మ చూసి అరిచేదాకా తెలీలేదు. ఈ మధ్య నాకు మడమల్లో నొప్పే లేదు రొట్టెకాలూ. ఎన్నేండ్ల నొప్పో, మాయమైపోయె. దూది మీద నడిచినట్టుండాది" అన్నారు ఎంతో సంబరంగా.

నాకూ సంబరమే అయింది. ఆయనకు షుగరు ఉందని నాకు తెలుసు. టీలో చక్కెర వద్దనడం వందసార్లు చూశాను. మండే ఎండలో, కాలే తారు రోడ్డు మీద, ఎడమ కాలికి చెప్పు లేకుండా ఇంటిదాకా నడిచిన మనిషి తెలీలేదంటే, నేను ఏం చేయాలి? అక్కడే ఆయన్ను కూర్చోబెట్టి కాలు చూడాలి. నేను రైట్ రైట్ అని బస్సెక్కాను. నాకు ఆయనే నేర్పారు కదా, నొప్పి పోతే బాగయినట్టే అని.

దసరా దాటాక పాదాలు తిమ్మిరిగా, చల్లగా ఉన్నాయని ఆయన ఇటుకరాయి పెట్టుకున్నారు. ఈ సంగతి అమ్మ నాకు ఆసుపత్రి వరండాలో చెప్పింది. "కాల్చి ఇస్తిని. సురుక్కుమంటాందా అని అడిగితి. లేదు, ఇంకొంచెం వేడి చెయ్యి అనె. చేస్తి. మళ్లీ అడిగితి. ఇంకొంచెం అనె. నేనే చేస్తినమ్మా, ఈ చేతుల్తో చేస్తి." ఆమె తన చేతులు నా ముందు చాపి చూపించింది. నేను వాటిని పట్టుకున్నాను. ఓర్చుకునేంత వేడి అని ఆయన పెట్టుకున్న కొలతే ఆయన్ను మోసం చేసింది. వేడి తెలియని కాలు ఎంతకైనా ఓర్చుకుంటుంది.

బొబ్బలు లేచాయి. నొప్పి లేదు కాబట్టి వారం దాకా ఎవరికీ చెప్పలేదు. వాసన వచ్చాక గానీ ఇంట్లో తెలియలేదు. అప్పటికి ఎడమ మడమ, రెండు వేళ్లు నల్లబడ్డాయి. హిందూపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. నాకు ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య దొరికే కొద్దిసేపట్లో ఆటో ఎక్కి పోయి చూసొచ్చేదాన్ని. పోయేటప్పుడు భయం, వచ్చేటప్పుడు ఇంకా భయం. బస్సులో చిల్లర తప్పుగా ఇచ్చాను. దిగాల్సినవాళ్ల ఊర్లు మరిచిపోయాను. కాలు దక్కుతుందా, పాదం వరకైనా మిగులుతుందా అని ఒకటే ధ్యాస. మొదట రెండు వేళ్లు తీసేశారు. తర్వాత పాదం తీయాలన్నారు.

నేను ఆఖరుసారి పోయినప్పుడు ఆయన మొహం వాచి ఉంది. ఈల తలగడ పక్కన ఉంది. నన్ను చూడగానే కళ్లు నా కాళ్ల మీదికే పోయాయి.

"మొదటి అడుగు ఎట్ల పడె?"

"బాగా పడింది సారూ."

"నీకు సగం పాఠమే చెప్పినానమ్మా" అన్నారు. గొంతు సరిగా రాలేదు. నేను వంగి విన్నాను. "నొప్పి పుడితే కాలు మాట్లాడతాండాదని అర్థం. దాన్ని బతిమాలుకోవచ్చు. మాట్లాడకుండా ఉండే కాలికే భయపడాల. నాకు షుగరు ఉండాది, కాలు మొద్దుబారి నొప్పి పోయింది. నేను బాగయిందనుకుంటి. ఎవరన్నా అనుకుంటారు."

"నేను చెప్పు చూసినాను సారూ. నవ్వితిని" అన్నాను. ఇన్ని రోజులూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"నవ్వేదే కదా. నేనూ నవ్వితిని" అన్నారు. తర్వాత, "నీ బస్సు రోజుకు ఎన్ని కాళ్లు ఎక్కుతాయి?" అని అడిగారు.

"లెక్క యాడ సారూ."

"చూడు మరి" అన్నారు.

నేను నాలుగు రోజులు వరసగా డ్యూటీలో ఇరుక్కుని పోలేకపోయాను. విషం ఒళ్లంతా పాకిందని అమ్మ ఫోనులో చెప్పింది. ఇక చేసేది లేదంటే పెనుకొండ ఇంటికే తెచ్చారు. ఐదో రోజు ధర్మవరంలో ఆ కబురు.

పెనుకొండలో ఆయన్ను పడుకోబెట్టిన చోటికి పాత పిల్లలు చాలామంది వచ్చారు. అందరూ కాళ్లకు దండం పెట్టి పోతున్నారు. కట్టు ఉన్న ఎడమ పాదం మీద దుప్పటి కప్పారు. నేను దుప్పటి మీదే చేయి పెట్టాను. ఆ మడమ తాకడానికి నాకు ధైర్యం చాలలేదు, నిజం చెప్పాలంటే. ఇంటికొచ్చి అదే పూట మా అత్తను కూర్చోబెట్టి ఆమె రెండు పాదాలూ దీపం కింద చూశాను. ఆమెకు షుగరు లేదు. అయినా చూశాను. ఇటుకరాయి ఎక్కడ పెట్టిందో అడిగి తీసుకుపోయి పడేశాను. ఆమె నన్ను తిక్కలదాన్ని చూసినట్టు చూసింది. చూడనీ.

అప్పటి నుంచి నాకు బస్సులో నెమ్మది లేదు. ఎక్కే ప్రతి కాలూ చూస్తున్నాను. ఎవరైనా నొప్పి అని కుంటుతూ ఎక్కితే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది. బాగా నడిచేవాళ్లను చూస్తేనే దిగులు.

పోయిన వారం పెనుకొండలో ఒక అవ్వ దిగింది. రైట్ చెప్పాక చూస్తే మెట్టు మీద చెప్పొకటి పడి ఉంది. అవ్వ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా, సంచి మోసుకుంటూ పోతోంది. ఈల ఊది బస్సు ఆపి, చెప్పు పట్టుకుని పరిగెత్తాను.

"అవ్వా! చెప్పు ఊడిపోయింది."

"అవునా తల్లీ? తెలీనే లేదే."

"షుగరు ఉండాదా అవ్వా నీకు?"

"ఉండాదిలేమ్మా. మాత్రలు మింగుతాండా. ఏమిటికి?"

ఆమెను బస్టాండు అరుగు మీద కూర్చోబెట్టి ఆ వట్టి కాలు నా ఒళ్లోకి తీసుకున్నాను. "ఓయమ్మా, టిక్కెట్టు కొట్టేదానివి, కాళ్లు పడతాండావేమే!" అని ఆమె సిగ్గుపడింది. మడమ కింద కంపముల్లు విరిగి లోపలే ఉంది. చుట్టూ ఎర్రగా వాచి, చీము పట్టింది. ఎన్నాళ్ల నుంచి దాని మీద నడుస్తోందో ఆమెకే తెలియదు. డ్రైవరన్న హారన్ మీద హారన్ కొడుతున్నాడు. లోపల జనం కేకలు వేస్తున్నారు. నేను చెప్పును తలపైకెత్తి అన్నకు చూపించాను. హారన్ ఆగిపోయింది.

నా సీసాలో నీళ్లు పోసి కాలు కడిగాను. ముల్లు నేను లాగలేదు. ఆసుపత్రిలోనే తీయించాలని చెప్పి, ఆటో అబ్బాయిని పిలిచి, అక్కడే దించమన్నాను. చెప్పు చేతికిచ్చి నేను రెక్క పట్టుకుంటే అవ్వ లేచి, తడికాలితో సిమెంటు మీద రెండడుగులు వేసి ఆటో ఎక్కింది.

"యాల ఇంత గాభరా పడతాండావు తల్లీ? నాకు నొప్పే లేదు" అంది నవ్వుతూ.

బస్సు కదిలింది. నేను వెనక మెట్టు మీద నిలబడి చూశాను. అవ్వ తడి అడుగు సిమెంటు మీద ఉంది. ఎండకు వేళ్లు ఆరిపోయాయి, నడుమ ఆరిపోయింది. మడమ దగ్గర మాత్రం, సన్నటి ఎర్రజీరతో, ఇంకా తడిగానే ఉంది.